గర్భిణికి హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నాం సరే, భర్త సంగతేమిటి?

హైదరాబాద్‌లోని ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మీరు రెండు విషయాలు అడిగారు. గర్భిణులందరికీ తొలి నెలల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నప్పుడు భర్తలను కూడా పిలిపించడం వల్ల బిడ్డకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా, లేక రిజిస్టరులో ఒక గడి నింపడానికేనా అన్నది మొదటిది. ఐదో నెల గర్భిణి ఒకామెకు పాజిటివ్ అని తేలిందనీ, భర్తకు చెప్పవద్దని ఆమె మీ చేతులు పట్టుకుని బతిమాలుతోందనీ, ప్రతిసారీ అత్తగారే వెంట వస్తున్నారనీ, ఇప్పుడు మీరేం చేయాలన్నది రెండోది. ఈ నగరంలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో చాలా ఏళ్ళు కౌన్సెలర్‌గా పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. రెండో ప్రశ్నే తొందరపెడుతోందని తెలుసు. అయినా దానికి సరైన జవాబు మొదటిదానిలోంచే వస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా, నెగెటివ్ వచ్చిన గర్భిణి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కార్యక్రమంలో అందరం మరచిపోయేది ఆమెనే. మూడో నెలలో నెగెటివ్ అని తేలగానే కార్డు మీద రాసి పక్కన పెట్టేస్తాం. ఆ తరువాత కాన్పు దాకా, బిడ్డ పాలు మానేదాకా ఆమెకు వైరస్ సోకుతుందా లేదా అన్నది చాలావరకు భర్త స్థితి మీదే ఆధారపడి ఉంటుంది, కానీ ఆ స్థితి ఏమిటని అడిగేవారు ఉండరు. గర్భంతో ఉన్నప్పుడో, పాలిస్తున్నప్పుడో కొత్తగా వైరస్ సోకితే తొలి వారాల్లో అది ఒంట్లో విపరీతంగా పెరుగుతుంది గనుక, ఎప్పటి నుంచో ఇన్ఫెక్షన్ ఉండి మందులు వాడుతున్న తల్లి కంటే ఈమె నుంచి బిడ్డకు సోకే ప్రమాదం చాలా ఎక్కువ. పైగా ఆమె చేతిలో నెగెటివ్ రిపోర్టు ఉంది. కాబట్టి ఆమెకు మందులు మొదలుపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు, పుట్టిన బిడ్డకు వైరస్ సోకకుండా ఇచ్చే సిరప్ పట్టించాలని తోచదు, ఆరో వారంలో బిడ్డ రక్తం పరీక్షకు పంపించరు. సోకిన తరువాత పరీక్షలో బయటపడటానికి మూడు నెలల వరకు పట్టవచ్చునన్న విండో పీరియడ్ సంగతి మీకు తెలిసిందే. అంటే గర్భం రావడానికి కాస్త ముందు సోకినా తొలి పరీక్ష దానిని పట్టుకోలేకపోవచ్చు. ఆ తొలి నెలల్లోనే భర్తకు కూడా పరీక్ష జరిగి ఉంటే, ఆయనకు పాజిటివ్ అని తేలితే, ఆయన మందులు మొదలుపెట్టి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) అణిగేదాకా కండోమ్ వాడి, ఆమెకు గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించి ఈ మొత్తం ప్రమాదాన్ని ఆపగలం. మీ మొదటి ప్రశ్నకు నా సూటి జవాబు ఇదే: భర్త పరీక్ష బిడ్డ కోసం చేసే పరీక్షల్లో ఒకటి.

దీన్ని అంత వింతగా చూడవలసిన పని కూడా లేదు. తల్లి రక్తం గ్రూపు నెగెటివ్ అయితే మనం ఏమాత్రం మొహమాటపడకుండా భర్త రక్తం గ్రూపు అడుగుతాం. ఆమెకు తలసేమియా లక్షణం ఉందని తేలితే భర్తను కూడా పరీక్షకు పంపుతాం. ఆయనను అనుమానిస్తున్నామని అప్పుడు ఎవరూ అనుకోరు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఆ వరుసలోనే, మొదటి పేరు నమోదు నాడే, ప్రతి ఇంటి మగవారికీ ఒకే మాటతో చెప్పగలిగితే, ఫలానా ఆయననే ఎందుకు పిలిచారన్న గుసగుసకు తావుండదు. సిఫిలిస్ విషయంలో ఇది మరీ స్పష్టం. భార్యకు పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చి భర్తను వదిలేస్తే ఆమెకు మళ్ళీ సోకుతుంది, ఆ ఇంజెక్షన్ వృథా అవుతుంది, కడుపులోని బిడ్డ మళ్ళీ ప్రమాదంలో పడుతుంది.

ఇక పాజిటివ్ వచ్చిన గర్భిణి. మన దేశంలో తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చూసే కార్యక్రమం 2002లో మొదలైనప్పుడు నొప్పుల సమయంలో తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు ఒక డోసు సిరప్, అంతే. అది ఆసుపత్రి గోడల మధ్యనే జరిగిపోయే చికిత్స. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ముగించడం సాధ్యమయ్యేది. 2014 నుంచి దేశమంతటా పాజిటివ్ గర్భిణులందరికీ జీవితకాలం మందులు ఇచ్చే విధానం వచ్చింది. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒకే మాత్రను రోజూ వేసుకుంటే చాలు. అసలు ఏ చికిత్సా లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుందనీ, మందులు సక్రమంగా వాడితే పాలిచ్చే తల్లుల్లో కూడా దానిని 5 శాతం లోపుకు తేవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయితే ఈ ఫలితం రావాలంటే మాత్ర ఒక్క రోజు కూడా తప్పకూడదు, నెల నెలా హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళిరావాలి. బోరబండలోనో, చాంద్రాయణగుట్టలోనో ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో, ప్రతి రూపాయికీ ప్రతి ప్రయాణానికీ లెక్క చెప్పవలసిన ఆడపిల్ల భర్తకు తెలియకుండా ఈ పని ఎన్నేళ్ళు చేయగలదు? ఒక పూట మాత్రను దాచినంత తేలికగా జీవితకాలపు మాత్రను దాచలేము. మందులు మధ్యలో మానేసిన గర్భిణులను నేను కారణం అడిగినప్పుడు ఒంటికి పడలేదన్నవారు కొద్దిమందే. ఇంట్లో తెలిసిపోతుందేమోనన్న భయమే ఎక్కువమంది చెప్పేవారు.

మీరు తప్పక గమనించవలసిన చిన్న విషయం ఒకటి ఇక్కడ చెబుతాను. ఆ మాత్రను దాచడానికి చాలామంది ఎంచుకునే చోటు ఐరన్, కాల్షియం మాత్రల డబ్బా. అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తే ఎవరికీ అనుమానం రాదన్నది వారి ఆలోచన. కానీ ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రవిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఆ మాత్ర వాటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, లేదా ఆరు గంటల తరువాతైనా వేసుకోవాలి; కలిపి వేసుకోక తప్పకపోతే భోజనంతో పాటే వేసుకోవాలి. పరగడుపున మూడూ కలిపి మింగిన గర్భిణి నిష్ఠగా మందు వాడుతూనే ఉంటుంది, వైరల్ లోడ్ మాత్రం ఆశించినంతగా తగ్గదు. ఇంట్లో ఒక్కరికైనా విషయం తెలిసి ఉంటే ఈ తిప్పలు ఉండవు.

ఆ ఒక్కరి అవసరం మరింత కనిపించేది బిడ్డ పుట్టాక. తొలి కాన్పుకు ఏడో నెల వేడుక చేసి పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఆచారం. నగరంలో పేరు నమోదైన గర్భిణి పాలమూరుకో, నల్లగొండకో వెళ్ళిపోతుంది. ఆమె ఫైలు ఇక్కడే ఉంటుంది. 32 నుంచి 36 వారాల మధ్య చేయవలసిన వైరల్ లోడ్ పరీక్ష సరిగ్గా ఆ ప్రయాణపు రోజుల్లోనే పడుతుంది. విషయం తెలిసిన భర్త ఉంటే బదిలీ కాగితం రాయించి, అక్కడికి దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రంలో చేర్పించి, మందులు అయిపోకముందే అందేలా చూస్తాడు. విషయం తెలియని భర్త ఆసుపత్రి కాగితాలు ఇక్కడే ఉండనీ అంటాడు. కాన్పు తరువాత పెద్దవాళ్ళు తేనె నాకిస్తారు, చక్కెర నీళ్ళు పడతారు, ఉగ్గుతో ఆముదం పోస్తారు, పాతబస్తీలో అయితే ఘుట్టీ అనే మూలికల మందు ఇస్తారు. తల్లిపాలతో పాటు ఇటువంటివి కలిపి పట్టడం తొలి ఆరు నెలల్లో హెచ్‌ఐవీ సోకే ప్రమాదాన్ని పెంచుతుందని మనకు తెలుసు. బాలింత మంచం మీద ఉన్న పిల్ల అత్తనో అమ్మనో వద్దని ఎలా ఆపగలదు? భర్త మాత్రం, డాక్టరుగారు పాలు తప్ప ఏమీ పట్టవద్దన్నారు, నేను విన్నాను అని ఒక్క మాట అంటే చాలా ఇళ్ళలో అక్కడితో ఆగిపోతుంది. బిడ్డకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి కనీసం ఆరు వారాలు పట్టవలసిన సిరప్, ఆరో వారంలోనూ ఆరో నెలలోనూ ఏడాదికీ పద్దెనిమిది నెలలకూ చేయించవలసిన పరీక్షలు, వీటన్నిటికీ పచ్చి బాలింత ఒక్కతే పరుగెత్తడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి పరిశోధన ఆధారం ఉందా అంటే, ఉంది. కెన్యా రాజధాని నైరోబీలో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, భర్తలు గర్భిణి పరీక్షలకు వచ్చిన తల్లుల బిడ్డలకు హెచ్‌ఐవీ సోకడం, రానివారి బిడ్డలతో పోలిస్తే గణనీయంగా తక్కువగా కనిపించింది. శ్రద్ధ గల కుటుంబాల్లోని మగవారే ఆసుపత్రికి వస్తారు కాబట్టి ఆ తేడా మొత్తం వారి రాక వల్లనే అనలేము. అయినా నేను చూసినదానికి అది దగ్గరగానే ఉంది. మలావీలో పాజిటివ్ గర్భిణుల భర్తలకు ఉత్తరం మాత్రమే పంపినప్పుడు వారిలో 52 శాతం మంది భార్యతో కలిసి వచ్చారు. ఉత్తరానికి స్పందించనివారికి ఆ తరువాత ఫోను చేసి, అవసరమైతే ఇంటికి వెళ్ళి కూడా పిలిచినప్పుడు 74 శాతం మంది వచ్చారు. మగవారు రారన్న మాట మనం అనుకున్నంత నిజం కాదనీ, సరిగా పిలవడం లేదన్నదే ఎక్కువ నిజమనీ దీని వల్ల నాకు అర్థమైంది.

మన దగ్గర పిలుపు ఎలా ఉందో చూడండి. ఓపీ ఉదయం పూట మాత్రమే ఉంటుంది, ఆటో నడిపేవారికీ అడ్డా మీద కూలికి నిలబడేవారికీ ఆ పూట పోతే ఆ రోజు కూలి పోయినట్టే. కష్టపడి వచ్చినా గేటు దగ్గర కాపలా మనిషి మగవాళ్ళు లోపలికి రాకూడదని బయటే నిలబెడతాడు. రెండు గంటలు నిలబడి ఆయన వెళ్ళిపోతాడు. కాబట్టి భర్తలు వాళ్ళంతట వాళ్ళే వచ్చే రోజును పట్టుకోండి. బిడ్డ అవయవాలను పరిశీలించే ఐదో నెల టిఫా స్కాన్‌కు బిడ్డను చూడాలన్న ఆశతో చాలామంది వస్తారు. ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రత్యేక గర్భిణి పరీక్షల రోజును ముందుగా చెప్పి పెడితే కొందరు సెలవు పెట్టుకుంటారు. వచ్చినవారికి కూర్చోవడానికి చోటు చూపించండి. పంపే చీటీ మీద హెచ్‌ఐవీ అన్న అక్షరాలు ఉండకూడదు. కాన్పు ఏర్పాట్ల గురించి మాట్లాడాలి, మీకూ బీపీ, షుగర్, రక్త పరీక్షలు చేస్తాం అని రాస్తే చాలు. అయితే చీటీ మీద లేదు కదా అని ఆయనకు చెప్పకుండా పరీక్ష చేయకూడదు. ఏ పరీక్ష దేనికో గదిలో వివరంగా చెప్పి, ఒప్పుకున్నాకే రక్తం తీయాలి. వద్దనే హక్కు ఆయనకు ఉంది. ఆయనను భార్య వెంట వచ్చిన తోడుగా కాకుండా, తన ఒంటి గురించి కూడా పట్టించుకోవలసిన మనిషిగా చూసి మాట్లాడితే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

వారు చెప్పే అడ్డుమాటలు రెండు మళ్ళీ మళ్ళీ వింటారు. ఆమెకు నెగెటివ్ వచ్చింది కదా, నాకూ లేనట్టే అన్నది ఒకటి. ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న దంపతుల్లో ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడం అరుదు కాదు, ఏళ్ళ తరబడి అలాగే ఉండవచ్చు కూడా. ఆమె రిపోర్టు ఆమె రక్తం గురించి మాత్రమే చెబుతుంది. గల్ఫ్ మెడికల్‌లో నెగెటివ్ వచ్చిందన్నది రెండోది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న కుటుంబాల్లో ఇది తరచు వినిపిస్తుంది. ఆ కాగితం ఆనాటి సంగతి చెబుతుంది, ఆ తరువాతి సంగతి చెప్పదని నెమ్మదిగా వివరించండి.

వీలైన చోట ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ చేసి, ఇద్దరూ ఒప్పుకుంటే ఫలితాలు కూడా కలిపే చెప్పడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. గర్భిణి కావడం వల్ల ముందుగా పరీక్ష జరిగేది ఆమెకు. ముందుగా బయటపడిన మనిషే ముందుగా తెచ్చిన మనిషి అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. భర్త నుంచి సోకిన వైరస్‌కు భార్య నింద మోసి పుట్టింటికి చేరిన సంసారాలు ఎన్నో చూశాను, ఇప్పటికీ ఆ ముఖాలు గుర్తున్నాయి. ఇద్దరి ఫలితం ఒకే గదిలో, ఒకే సమయంలో, ఎవరి నుంచి ఎవరికన్న ప్రశ్నకు పరీక్ష జవాబు చెప్పదని ముందే వివరించి చెప్పినప్పుడు ఆ తీర్పు అంత తేలికగా పుట్టదు. మందుల సంగతి కూడా అప్పుడే చెప్పాలి. 2011లో ఫలితాలు వెలువడి, చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్న ఒక అంతర్జాతీయ పరిశోధనలో, మందులు త్వరగా మొదలుపెట్టిన వారి నుంచి జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా అణిగి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి కాపురంలో సోకదని ఆ తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి. ఇద్దరిలో ఒకరికే ఉన్నా కాపురం నిలుస్తుందనీ, బిడ్డ ఆరోగ్యంగా పుడుతుందనీ మొదటి రోజే వింటే, ఆ రాత్రి ఇంట్లో జరిగే మాటల తీరే వేరుగా ఉంటుంది.

ఇదంతా భర్త రాకకు అనుకూలంగా చెప్పాను గనుక, రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి. భర్తను తీసుకురాకపోతే చూడము, తెస్తే ముందు చూస్తాము అన్న నియమాలు ఎప్పుడూ పెట్టవద్దు. టాంజానియా వంటి చోట్ల అలా చేసినప్పుడు భర్త వదిలేసినవారు, పెళ్ళి కానివారు, భర్త ఊళ్ళో లేనివారు పరీక్షలకే దూరమయ్యారు. భర్తను పిలవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో కొడతారా, తాగుతారా, ఇంతకుముందు వెళ్ళగొట్టారా అని అడగకుండా భర్తకు చీటీ పంపకూడదు.

ఇప్పుడు మీ దగ్గరున్న గర్భిణి సంగతికి వస్తాను. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. పాజిటివ్ మనిషి స్థితిని జీవిత భాగస్వామికి చెప్పే అధికారం, 9వ సెక్షన్ ప్రకారం, డాక్టరుకో కౌన్సెలర్‌కో తప్ప ఇతర ఆరోగ్య సిబ్బందికి లేదు. అంటే మీరు చెప్పకూడదు. వారు కూడా ఊరికే చెప్పడానికి వీల్లేదు. భాగస్వామికి సోకే ప్రమాదం గట్టిగా ఉందని భావించాలి, స్వయంగా చెప్పమని ఆమెకు కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, అయినా ఆమె చెప్పదని నిర్ధారించుకోవాలి, తాము చెప్పబోతున్నామని ఆమెకు ముందే తెలియజేయాలి, ఆ తరువాత భాగస్వామికి తగిన కౌన్సెలింగ్ ఇచ్చి ముఖాముఖిగానే చెప్పాలి. వీటన్నిటికీ మించి, చెబితే ఆమెను కొడతారనో వదిలేస్తారనో ఆమెకూ పిల్లలకూ తీవ్రమైన హాని జరుగుతుందనో సహేతుకమైన భయం ఉంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, చెప్పకూడదని ఆ సెక్షనే అంటుంది. అత్తగారికి చెప్పడమన్న ప్రశ్నే లేదు. రిపోర్టు ఆవిడ చేతికి ఇవ్వకండి, కార్డు మీద ఎర్ర సిరాతో గుర్తులు పెట్టకండి.

భర్తకు చెప్పేదాకా మందులు ఆపడం మాత్రం ఘోరమైన పొరపాటు. మీ కేంద్రంలో వేలి రక్తంతో చేసినది మొదటి పరీక్ష మాత్రమే అయితే ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో, నిర్ధారణ కావాలి. పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లోనూ గాంధీ, ఉస్మానియాలోనూ ఆ సదుపాయం ఉంది. నిర్ధారణ కాగానే ఏఆర్‌టీ కేంద్రంలో చేర్పించి ఆలస్యం లేకుండా మందులు మొదలుపెట్టించాలి. ఇప్పటికే ఐదో నెల కాబట్టి కాన్పు నాటికి వైరల్ లోడ్ అణగడానికి మిగిలిన సమయం సరిపోతుంది, కానీ వృథా చేయడానికి వారాలు లేవు. ఏ కాన్పు ఆసుపత్రికి వెళ్ళబోతోందో ఇప్పుడే అడిగి, బిడ్డకు పట్టవలసిన సిరప్ అక్కడ సిద్ధంగా ఉండేలా కౌన్సెలర్‌తో మాట్లాడించండి.

భర్తకు చెప్పడం ఒక్కరోజులో తేలే పని కాదు. ఏమవుతుందని భయపడుతున్నావమ్మా అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. చెయ్యి చేసుకునే మనిషి అయితే అక్కడితో ఆగి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చునని, హింసకు గురైన మహిళలను ఆదుకునే సఖి కేంద్రం, భరోసా కేంద్రం ఉన్నాయని చెప్పండి. ఆయన తన ఫలితం తెలియని మనిషే గనుక ఆయన భద్రత కోసం కండోమ్ గురించీ ఆమెతో మాట్లాడాలి. గర్భంలో జాగ్రత్త కోసం డాక్టరు చెప్పారని అనడం చాలామందికి వీలుగా ఉంటుంది. అలా కాక, కేవలం ఎలా చెప్పాలో తెలియని భయమే అయితే, ఆమె ఒప్పుకుంటే, ఆమె ఫలితం ప్రస్తావన లేకుండా టిఫా స్కాన్ రోజున అందరు భర్తలతో పాటు ఆయననూ పరీక్షలకు పిలవండి. ఆయన ఫలితం వచ్చాక, ఆమె కోరితే, కౌన్సెలర్ సమక్షంలో ఆమే చెప్పేలా ఏర్పాటు చేయవచ్చు. మాటలు ముందుగా ఆమెతో ఒకటి రెండుసార్లు అనిపించి చూడండి, ధైర్యం వస్తుంది. పేరు చెప్పకుండా మాట్లాడాలనుకుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉచిత నంబరు ఆమెకు ఇవ్వండి. ఫోను ఇంట్లో అందరి చేతుల్లో తిరిగేదైతే మీ కేంద్రం నుంచే చేయించండి. ఈసారి ఆమె వచ్చినప్పుడు అత్తగారిని బరువు, బీపీ చూసే వరుసలో కూర్చోబెట్టి, ఒక పావుగంట ఆమెతో ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించుకోండి.